అమ్మ చదివిన గోడ, నాన్న చూసిన చెరువు

రిటైరైన అమ్మానాన్నలను ఒక్కసారైనా విదేశం తిప్పి తీసుకురావడం మన వయసు వాళ్లకు ఇప్పుడో మొక్కులా మారింది. జీతం కాస్త కుదురుకోగానే ముందు వాళ్ల పాస్‌పోర్టులు చేయిస్తాం. తర్వాత దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్... ఎవరిని అడిగినా లిస్టు ఒకటే. మా ఇంట్లోనూ అదే జరిగింది. నాన్న వరంగల్ చుట్టుపక్కల నీటిపారుదల శాఖలో పనిచేసి 61 ఏళ్లకు డీఈఈగా రిటైరయ్యాడు. హనుమకొండలో ఇల్లు, అమ్మకు టీవీలో ప్రవచనాలు, ఇద్దరికీ సాయంత్రం వాకింగ్. రెండేళ్లలో సింగపూర్, దుబాయ్ చూసొచ్చాం.

రెండూ మంచి ట్రిప్పులే. మెరీనా బే లైట్లు, బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తు అన్నీ బంధువుల వాట్సాప్ గ్రూపులకు ఎక్కాయి. కానీ మూడో ట్రిప్పు మాటెత్తగానే నాన్న వద్దన్నాడు.

"నువ్వు ముందట నడుసుడు, మేం నీ ఎనుక నడుసుడు. గేటు కాడ కార్డు నువ్వే గీకుతవ్, తినేది నువ్వే చెప్తవ్. మేం ఫొటోలు దిగుడు, గంతేనాయె. ఇగ చాలు బిడ్డా. మోకాలు గూడ మాట వింటలేదు."

మోకాలు సాకు కాదు. కుడి మోకాలు బాగా అరిగిపోయిందని, మార్పిడి చేయించుకోమని డాక్టర్ చెప్పి ఏడాది దాటింది. "నడిచినన్ని రోజులు నడుస్త" అంటూ నాన్న వాయిదా వేస్తున్నాడు. అంటే మా చేతిలో టైమ్ తక్కువ. ఆ కొద్ది టైమ్‌లో ఎక్కడికి వెళ్తే వీళ్లిద్దరూ నా వెనక కాకుండా నా ముందు నడుస్తారు?

జవాబు అమ్మ ఫోన్‌లో దొరికింది. ప్రవచనాల మధ్యలో వచ్చిన ఓ వీడియోలో రాతిగోడ మీద దేవతలు, రాక్షసులు పామును పట్టుకుని లాగుతున్నారు. "ఇది మన పాలసముద్రం చిలికిన కథ కాదా? ఎక్కడున్నదిది?" అని అడిగింది. కంబోడియాలో అని చెప్పాను. జనవరిలో ఆరు రోజులకు బయల్దేరాం.

తాటిచెట్ల దేశం

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా సియెమ్ రీప్ చేరుకున్నాం. 2023 అక్టోబర్‌లో మొదలైన కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. దారి పొడవునా వరి మళ్లు, గట్ల మీద తాటిచెట్లు. తాటిచెట్టు కంబోడియా జాతీయ వృక్షం. "గింత దూరమొచ్చి మళ్ల మన ఊరికే వచ్చినమా?" అని నాన్న నవ్వాడు. మర్నాడు ఓ పల్లెలో రోడ్డు పక్కన పెద్ద మూకుళ్లలో తాటిబెల్లం కాస్తుంటే టుక్‌టుక్ ఆపించి మరీ రుచి చూశాడు.

తిండి గురించి అమ్మకు భయం ఉండేది. అక్కడ చేప లేని వంటలు తక్కువే. కానీ మొదటి రోజు మధ్యాహ్నం హోటల్లో వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర తెచ్చి పెట్టారు. అమ్మ కాడను విరిచి చూసి, "ఇది తూటికూర. చెరువుల పెరుగుతది" అంది. ఆ తర్వాత ఏ హోటల్‌కి వెళ్లినా మెనూ కార్డు నా చేతికి రాలేదు. అమ్మే తీసుకుని, బొమ్మ చూపించి, చేప వద్దని చెయ్యి ఊపి ఆర్డర్ ఇచ్చేసేది.

గైడ్‌గా వచ్చినాయన తెల్లజుట్టు, సన్నటి మనిషి. లైసెన్సు ఉన్న గైడ్, ఇంగ్లిష్ నిదానంగా, స్పష్టంగా మాట్లాడతాడు. ఊరి పేర్ల గురించి అడిగితే చెప్పాడు. ఆంగ్‌కోర్ అంటే మన 'నగరం' అనే మాటే. వాట్ అంటే గుడి. ఖ్మేర్ లిపికి మూలం దక్షిణ భారతం నుంచి వెళ్లిన పల్లవ లిపి.

దాదాపు 49 మీటర్ల కథ

ఆంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించాడు. తర్వాత అది బౌద్ధ క్షేత్రమైంది. పడమటి ముఖంగా ఉంటుంది. రీల్స్‌లో మనం చూసే ఐదు గోపురాలు మేరు పర్వత శిఖరాలకు గుర్తు. ఎక్కువ మంది తెల్లవారుజామున ఐదింటికే వెళ్లి, సూర్యోదయం ఫొటో తీసుకుని, గోపురం దాకా ఎక్కి దిగి వచ్చేస్తారు. గుడి చుట్టూ ఉన్న మండపాల గోడల దగ్గర ఆగేవాళ్లు తక్కువ.

అమ్మ అక్కడే ఆగిపోయింది.

పడమటి మండపంలో ఓ పక్క కురుక్షేత్రం, ఇంకో పక్క లంకా యుద్ధం. గైడ్ చెప్పబోయే లోపే అమ్మ వేలు చూపించింది. "అగో, బాణాల మీద పండుకున్నది భీష్ముడు." దక్షిణం వైపు యముడు, చిత్రగుప్తుడు, కింద 32 నరకాలు. తూర్పు వైపు తిరిగాక వీడియోలో చూసిన గోడ వచ్చింది. దాదాపు 49 మీటర్ల పొడవు. ఒకవైపు 92 మంది రాక్షసులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, ఆయన కింద కూర్మం. పైన అప్సరసలు. కింద నీళ్లలో చేపలు, మొసళ్లు. చిలికే చోటికి దగ్గరవుతున్న కొద్దీ ఆ చేపలు ముక్కలు ముక్కలుగా చెక్కి ఉన్నాయి.

మా అమ్మమ్మ వాళ్లది పోతన పుట్టిన బమ్మెరకు దగ్గర్లోని ఊరు. భాగవతం కథలు అమ్మకు చదివితే వచ్చినవి కావు, విని వచ్చినవి. గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ చెప్పుకుంటూ పోయింది. వాసుకి తల రాక్షసులకు ఎందుకు దక్కింది, విషం ఎటు కక్కింది, కొండ కుంగిపోతుంటే తాబేలు ఎందుకు రావాల్సి వచ్చింది. నేను ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాను. గైడ్ తన మాటలు ఆపేసి వింటున్నాడు.

తోక చివర్న కోతి ముఖంతో ఒకరున్నారు. "హనుమంతుడు" అన్నాడు గైడ్.

అమ్మ ఒప్పుకోలేదు. "ఈ కథల హనుమంతుడు ఏడున్నడు? రామావతారం ఇంకా రానే లేదాయె."

అది విని గైడ్ నవ్వాడు. "మా వాళ్ల కథలో ఉన్నాడు. బలం కావాల్సిన చోట ఆయన లేకపోతే ఎలా?" అన్నాడు. అమ్మ ఓ నిమిషం ఆలోచించి, "అదీ నిజమే" అంది. ఆ గోడ దగ్గరే గంట దాటింది. సింగపూర్‌లోగానీ దుబాయ్‌లోగానీ అమ్మ నన్ను "ఇంకెంతసేపు?" అని అడగని గంట లేదు. ఇక్కడ ఆ మాట నాన్న అడిగాడు.

అమృతం అమ్మ సంచిలోనే

గుడి పై అంతస్తు పేరు బకాన్. పాత రాతిమెట్లు దాదాపు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. వాటి మీద ఇప్పుడు రెయిలింగ్‌తో చెక్కమెట్లు అమర్చారు. అయినా మోకాళ్లకు పరీక్షే. అమ్మానాన్న కింద నీడలో కూర్చుంటామన్నారు. నేను వెళ్లి, పైన ఇచ్చే కొద్ది నిమిషాల టైమ్‌లో చూసి దిగి వచ్చాను.

వచ్చేసరికి అమ్మ పక్కన తెల్లబట్టలు కట్టుకున్న, గుండు చేయించుకున్న ఓ ముసలావిడ ఉంది. అలాంటి బౌద్ధ సన్యాసినులు ఆ గుళ్లో విగ్రహాల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల చేతికి ఎర్రదారం కట్టి దీవిస్తుంటారు. అమ్మ చేతికి అప్పటికే దారం ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కానీ ఆవిడ తన మోకాలు పట్టుకుని ముఖం చిట్లిస్తోంది. అమ్మ తన మోకాలు చూపించి తలూపుతోంది. తర్వాత అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అమృతాంజన్ సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టి, ఎలా రాసుకోవాలో చేత్తో చూపించింది.

నాన్న నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "అమృతం కోసం గోడ మీద గంతమంది కొట్లాడుతున్నరు. మీ అమ్మ సంచిల్నే ఉన్నది."

నాలుగు దిక్కులా కట్ట

నాన్న సంగతి వేరు. మొదటి రోజే, గుడి ముందున్న అగడ్త దగ్గర అందరూ రాతిదారి మీద ముందుకు వెళ్తుంటే నాన్న నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ అగడ్త వెడల్పు 190 మీటర్లు, చుట్టుకొలత ఐదు కిలోమీటర్లకు పైనే. "ఇన్ని నీళ్లు ఊర్కెనే ఎందుకు నింపుతరు? ఏదో లెక్క ఉంటది" అన్నాడు.

లెక్క ఉంది. ఆ గుళ్ల పునాదుల కింద ఉన్నది ఇసుక నేల. తడి ఒక మట్టంలో నిలకడగా ఉన్నంతకాలం ఇసుక బరువును మోస్తుంది. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ఎండిపోతే కుంగుతుంది. చుట్టూ ఉన్న అగడ్త, చెరువులు భూగర్భ జలాన్ని నిలబెడుతూ వచ్చాయి. ఊళ్లో హోటళ్లు పెరిగి బోర్లు ఎక్కువ కావడంతో గుళ్లకు ముప్పని నిపుణులు హెచ్చరిస్తున్నది అందుకే. గైడ్ ఇది చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. "మా రామప్ప గుడి కింద గూడ ఇసుకనే" అన్నాడు. 1213 నాటి మన రామప్ప గుడి పునాదిలో శాండ్‌బాక్స్ పద్ధతి వాడారు. గుడి పక్కనే కాకతీయులు చెరువు కట్టించారు. అదే కాలంలో ఇక్కడ ఏడో జయవర్మ బయాన్ గుడి ముఖాలు చెక్కించాడు, తా ప్రోమ్ కట్టించాడు. ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గానీ, రెండు చోట్లా గుడి పక్కన నీళ్లున్నాయి.

నాలుగో రోజు నాన్న ప్రోగ్రాం తనే వేశాడు. గుళ్లు వద్దు, పశ్చిమ బారాయ్ చూద్దామన్నాడు. బారాయ్ అంటే ఖ్మేర్ రాజుల చెరువు. 11వ శతాబ్దంలో కట్టిన ఈ చెరువు పొడవు దాదాపు 8 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లకు పైనే. ఇప్పటికీ నీళ్లున్నాయి. మధ్యలో ఓ దీవి, దాని మీద శిథిలమైన గుడి. శయనించిన విష్ణువు భారీ కంచు విగ్రహం 1936లో అక్కడే దొరికింది. ఈ మాట వినగానే అమ్మ నీళ్ల వైపు తిరిగి దండం పెట్టుకుంది.

నాన్న కట్ట మీద అటూ ఇటూ నడిచాడు. కుంటుతూనే, కానీ నా కంటే ముందే. "సూడు బిడ్డా, మన దగ్గర పాకాల, లక్నవరం అన్నీ గుట్టల నడుమ ఉంటయి. గుట్టలు మూడు దిక్కుల ఆపుతయి, మనం ఒక్క దిక్కు కట్ట పోస్తం. ఇక్కడ గుట్టే లేదు. చదును నేల. అందుకే తవ్వలే, నాలుగు దిక్కుల కట్ట పోసి నడుమ నీళ్లు ఆపిండ్రు. ఎంత మట్టి మోసిండ్రో చూడు."

తర్వాత తూము ఎక్కడని అడిగాడు. దక్షిణం కట్టకు ఈ కాలంలో కట్టిన తూము ఉంది, దాని కింద వరి పొలాలు. గైడ్ అక్కడికి తీసుకెళ్లాడు. అప్పటిదాకా నేనే దుబాసీని. తూము దగ్గర నా అవసరం తీరిపోయింది. లెవెల్, బండ్, స్లూయిస్, సీపేజ్... నాన్న 30 ఏళ్లు ఎస్టిమేట్లు రాసిన ఇంగ్లిష్ అది. గైడ్‌కు ఆ మాటలన్నీ తెలుసు. ఎలా తెలుసని నాన్న అడిగాడు.

లెవెల్ ఎవరు చూశారు?

కట్ట మీద స్థానికులు ఊయల మంచాలు కట్టుకుని సేదతీరుతుంటారు. మేమూ కొబ్బరి బొండాలు తీసుకుని కూర్చున్నాం. గైడ్ వయసు 63. నాన్న వయసే. "ఇంకా పనిచేస్తున్నరా?" అని నాన్న అడిగితే, "నాకు పెన్షన్ ఎవరిస్తారు?" అన్నాడాయన.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు నాంపెన్‌ను పట్టుకునేసరికి ఆయనకు 13 ఏళ్లు. ఊళ్లు ఖాళీ చేయించారు. బళ్లు మూసేశారు. పిల్లల్ని అమ్మానాన్నల నుంచి విడదీసి పనిదళాల్లో వేశారు. ఆయన పని కాలువ తవ్వడం, కావడితో మట్టి మోయడం. తిండి నీళ్లలాంటి గంజి. దేశమంతా అలా కాలువలు, ఆనకట్టలు తవ్వించారు. నాలుగేళ్లు నిండక ముందే, 1979 జనవరి 7న ఆ పాలన కూలేనాటికి 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ఈయన తండ్రి, ఇద్దరు అన్నలు ఉన్నారు.

"మేం తవ్విన కాలువలో నీళ్లు పారలేదు" అన్నాడాయన. "మ్యాపు మీద గీత గీసి, ఆ గీత వెంట తవ్వమన్నారు. నేల ఎటు వాలుగా ఉందో ఎవరూ చూడలేదు."

నాన్న జీవితమంతా లెవెల్ మిషన్ వెనక నిలబడ్డ మనిషి. ఆ అలవాటుతోనే అడిగాడు. "లెవెల్ చూసేటోళ్లు లేరా?"

"వాళ్లను ముందే చంపేశారు" అన్నాడు గైడ్.

కళ్లజోడు ఉన్నా, చదువుకున్న మనిషని తెలిసినా చాలు, ఆ రోజుల్లో అనుమానించేవారు. ఇంజినీర్లు, టీచర్లు, డాక్టర్లలో చాలామంది మిగలలేదు. ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. 1975లో నాన్న ఎనిమిదో తరగతి. హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆ చదువే డిప్లొమా అయింది, ఉద్యోగం అయింది, నా ఇంజినీరింగ్ ఫీజు అయింది, ఇప్పుడు నెలనెలా వచ్చే పెన్షన్ అయింది. అదే ఏడు అవే 13 ఏళ్లున్న ఇంకో పిల్లాడి చేతికి కావడి ఇచ్చారు.

కాసేపటికి నాన్న ఫోన్ తీసి మిషన్ కాకతీయలో తాను పూడిక తీయించిన చెరువుల ఫొటోలు చూపించాడు. మొదట ఎండిన చెరువు, తర్వాత మత్తడి దూకుతున్న చెరువు. గైడ్ ఒక్కో ఫొటో పెద్దది చేసి చూశాడు. "నీళ్లు పారాయి" అన్నాడు.

ఆ రాత్రి హోటల్‌లో నాన్న ఒక మాటన్నాడు. "నాలుగు రోజుల సంది చూస్తున్న. ఈ ఊళ్లె మా వయసోళ్లు ఎక్కువ కనవడ్తలేరు. అందరు పోరగాళ్లే." నేను అప్పటిదాకా అది గమనించలేదు. నాన్న గమనించాడు.

అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు

టికెట్: ఆంగ్‌కోర్ పాస్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల పాస్‌ను 10 రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. పెద్దవాళ్లకు ఇదే మేలు. ఒక రోజు గుడి, ఒక రోజు విశ్రాంతి.

కాలం: నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ కాస్త తక్కువ. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఎండాకాలంలాగే ఉంటుంది.

నడక: మోకాళ్ల నొప్పులుంటే బకాన్ వదిలేసినా కింది మండపాల గోడలకే ఒక రోజు చాలదు. బాంతియే శ్రేయ్ చిన్న గుడి, నడక తక్కువ. 967 నాటిది. ఎర్రటి రాతి మీద కైలాసం ఎత్తుతున్న రావణుడు, కొట్లాడుకుంటున్న వాలి సుగ్రీవులు ఉంటారు. తా ప్రోమ్‌లో చెట్ల వేళ్లు, ఎగుడుదిగుడు రాళ్లు. చేతికర్ర ఉంటే మంచిది. ఆ గుడి పునరుద్ధరణలో మన పురావస్తు శాఖ పనిచేసింది. ఆంగ్‌కోర్ వాట్‌లోనూ 1986 నుంచి 1993 దాకా పనిచేసింది.

బండి: రోజంతటికీ ఒకే టుక్‌టుక్ మాట్లాడుకోండి. ఎండ ముదరక ముందు తిరిగి, మధ్యాహ్నం రూముకొచ్చి, మూడు తర్వాత మళ్లీ వెళ్లొచ్చు.

డబ్బు, కాగితాలు: డాలర్లు అన్నిచోట్లా తీసుకుంటారు. చిరిగినవి, మరకలున్నవి మాత్రం తీసుకోరు. చిల్లర రియెల్‌లలో ఇస్తారు. ఇ-వీసా, అరైవల్ ఫారం రెండూ ఆన్‌లైన్‌లోనే. ట్రావెల్ ఇన్సూరెన్స్, మందులు, వాటి ప్రిస్క్రిప్షన్ చేతి బ్యాగులోనే పెట్టండి.

బట్టలు: భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. అమ్మలకు ఇబ్బందే లేదు. ఆ రూల్ మనకోసం.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. టికెట్లు చూసే ముందు వాళ్లు జీవితమంతా ఏం చేశారో, ఏం విన్నారో, ఏం ఇష్టపడ్డారో ఒకసారి రాసుకోండి. బ్యాంకులో పనిచేసినవాళ్లు, రైల్వేలో చేసినవాళ్లు, బడిలో చెప్పినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, వ్యవసాయం చేసినవాళ్లు... ఒక్కొక్కరు చూడగలిగిన దేశం ఒక్కోటి ఎక్కడో ఉంటుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఇండోనేషియా మీద చర్చ నడుస్తోంది. అమ్మకు జావాలోని ప్రంబనన్ గుడి గోడల మీద రామాయణం చూడాలని. నాన్నకు బాలిలో రైతులే గుడి కేంద్రంగా నీళ్లు పంచుకునే సుబక్ పద్ధతి చూడాలని. దాన్ని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండూ ఒకే దేశంలో ఉన్నాయని తెలిశాక గొడవ తగ్గింది. పోయిన వారం నాన్న తనంతట తనే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. మోకాలి ఆపరేషన్ ఈ వేసవిలోనేనట. డాక్టర్‌ని అడగడానికి ఓ కాగితం మీద ప్రశ్నలు రాసుకున్నాడు. మొదటిది, ఆపరేషన్ తర్వాత ఎన్ని నెలలకు పొలం గట్ల మీద నడవొచ్చు అని.